ఊరి చివర ఆగిన తీగ

2025 ఆగస్టులో పది రోజుల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించారు. ఆ వెంటనే కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను తొలగించడం మొదలైంది. నగరంలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మరో వారం గడిచాక, 27, 28 తేదీల్లో, కామారెడ్డి జిల్లాను వాన ముంచేసింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 44వ జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. స్తంభం ఒరిగిన చోట దానికి కట్టిన ఇంటర్నెట్ తీగ కూడా నేలపాలైంది. రాజధానిలో తీగ తెగితే అది పౌరహక్కుల చర్చ అయింది. లింగంపేట, గాంధారి, ఎల్లారెడ్డి వైపు తండాల్లో ఆ తీగకు ఏమైందన్న ప్రశ్న మాత్రం చర్చకే రాలేదు.

వరద రాని రోజుల్లోనూ ఇక్కడి ఇళ్లలో పరిస్థితి అంతంతమాత్రమే. ఒక ఫైబర్‌ను విడగొట్టి 32, 64 ఇళ్లకు పంచుతారు. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేసరికి వేగం పడిపోతుంది. కరెంటు పోతే కాసేపటికి ఆపరేటర్ పెట్టెలోని బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. గడ్డి ట్రాక్టరు తగిలినా, కోతులు ఊగినా తీగ తెగుతుంది. ఊరి నడుమ తెగితే ఆ పూటే అతుకుతారు. చివర ఉన్న నాలుగు కనెక్షన్ల కోసం నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేవారికి అంత తొందర ఉండదు. అందుకే జనం తమ ఉపాయాలు తాము వెతుక్కున్నారు. మేడ మీద ఏ మూల సిగ్నల్ దొరుకుతుందో, చెరువు కట్ట మీద ఏ చెట్టు కింద వీడియో ఆగకుండా నడుస్తుందో ప్రతి పిల్లవాడికీ తెలుసు. రాత్రి పదకొండు దాటాక పాఠాలు దింపుకోవడం, కామారెడ్డిలో అద్దె గదిలో ఉండే మిత్రుని దగ్గరకు బస్సెక్కి పోవడం ఇప్పుడు చదువులో భాగమైపోయాయి.

ఇందులో కులం ఎక్కడుందని అడిగేవారు ఉంటారు. ప్రశ్న న్యాయమైనదే. కేబుల్ ఆపరేటర్ కులం అడగడు, స్తంభానికి ఎన్ని కనెక్షన్లు వస్తాయో లెక్క వేస్తాడు. అయితే ఎవరి ఇల్లు ఏ స్తంభం పక్కన ఉందో నిర్ణయించింది ఆయన కాదు. మన ఊళ్లలో బస్టాండు, పంచాయతీ కార్యాలయం, బ్యాంకు ఒకచోట ఉంటాయి, వాడ ఊరి అంచున ఉంటుంది, తండా అడవి అంచున ఉంటుంది. ఇళ్లు ఒత్తుగా ఉండి, నెలనెలా చందా కట్టగలిగినవారు ఉన్న వీధి దగ్గర తీగ ఆగుతుంది. పాత గీత మీదనే కొత్త తీగ నడిచింది. సెల్ టవర్ మాటా అంతే. టవర్‌కు అద్దె వచ్చేది భూమి ఉన్నవారికి, సిగ్నల్ బాగా అందేది వారి ఇళ్ల చుట్టుపక్కల వారికి.

ప్రభుత్వ పథకాలు ఈ గీతను చెరపవలసింది. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా మొదలై తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకుంది. తెలంగాణలో తండాలు పెద్ద సంఖ్యలో పంచాయతీలైంది 2018 చట్టంతో. అంటే ఆ పథకం లెక్కలు మొదలైన నాటికి ఆ తండాలకు పంచాయతీ హోదానే లేదు. 2023 ఆగస్టులో కేంద్రం 1.39 లక్షల కోట్లతో భారత్‌నెట్‌ను సవరించింది, ఆ పని ఇంకా నడుస్తోంది. రాష్ట్రం సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు. ఒకే కందకం. అందులోని నీటికి ప్రతి ఇంటి గడప గమ్యం. పక్కనున్న ఫైబర్‌కు మాత్రం మొదటి మజిలీ పంచాయతీ కార్యాలయం. ఇళ్లకు నెలకు 300 రూపాయలకే కనెక్షన్ ఇచ్చే ప్రయోగం 2024 డిసెంబరులో ఎంపిక చేసిన కొద్ది గ్రామాల్లో ఆరంభమైంది. మిగతా ఊళ్లకు ఎప్పుడు, అందులో వాడకూ తండాకూ ఎన్నో వంతు అన్నదే తేలవలసిన విషయం.

2023 నవంబరు 10న కామారెడ్డిలోనే కాంగ్రెస్ పార్టీ బీసీ డిక్లరేషన్ ప్రకటించింది. స్థానిక సంస్థల్లో 42 శాతం రిజర్వేషన్ అన్న మాట అప్పటి నుంచి రాష్ట్ర రాజకీయాన్ని నడిపిస్తోంది, కోర్టుల్లోనూ నలుగుతోంది. వాటా ఎంత అన్న చర్చ అవసరమే. ఆ వాటా చేతికి అందే దారి ఏమిటన్న చర్చ మాత్రం వెనకబడింది. ఈనాడు ఉపకారవేతనానికి ఈ-పాస్, డిగ్రీ సీటుకు దోస్త్, ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ కౌన్సెలింగ్, కొలువుకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్. 2025లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువత కోసం తెచ్చిన రాజీవ్ యువ వికాసం కూడా ఆన్‌లైన్ దరఖాస్తుతోనే మొదలైంది, దాని గడువును ఏప్రిల్ 14కు, అంటే అంబేడ్కర్ జయంతి దాకా, పొడిగించవలసి వచ్చింది. రిజర్వేషన్ రాజ్యాంగంలో ఉంది, దాన్ని వాడుకునే కిటికీ మాత్రం గడువు తేదీ రాత్రి పన్నెండింటికి మూసుకునే తెర మీద ఉంది. కేంద్ర టెలికాం శాఖ 2023లో బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అది దింపుకునే వేగం గురించిన నిర్వచనం. దరఖాస్తుదారునికి కావలసింది ఎక్కించే వేగం. కుల ధ్రువపత్రం సగం ఎక్కి ఆగిపోయి, పేజీ మళ్లీ మొదటికి వస్తే, ఆ పిల్లకు రిజర్వేషన్ ఉన్నట్టా లేనట్టా?

ఇంట్లో కనెక్షన్ నమ్మదగినది కానప్పుడు విద్యార్థి ఇంటర్నెట్ సెంటరుకు పోతాడు. అక్కడ పోయేది యాభయ్యో వందో రూపాయలు మాత్రమే అనుకోవడం పొరపాటు. పాస్‌వర్డ్, ఓటీపీ మరొకరి చేతిలో పెట్టాలి. వెనక వరుస కట్టినవారు ఉండగా, ఏ కళాశాలను ముందు పెట్టాలో పది నిమిషాల్లో తేల్చాలి. ప్రైవేటు కళాశాలల దళారులు విద్యార్థుల ఆప్షన్లు తామే పెట్టేశారన్న ఆరోపణలు దోస్త్‌కు కొత్త కాదు. ఇంట్లో నిదానంగా అక్కతోనో సీనియర్‌తోనో మాట్లాడి, మూడుసార్లు మార్చుకుని ఎంచుకునే వెసులుబాటు నగరపు పిల్లలకు ఉంది. మెరిట్ జాబితాలో ఈ తేడా కనిపించదు. ఈ ప్రాంతానికి మరో చిక్కు కూడా ఉంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, ఆధార్‌కు కలిపిన నంబరు ఆయనదై ఉంటుంది, ఆ సిమ్ అక్కడ పనిచేయదు. బీడీలు చుట్టే తల్లి దగ్గర ఉన్నది మరో నంబరు. తండ్రితో వీడియో కాల్ మాట్లాడేందుకే వైఫై పెట్టించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ ఇంటి పిల్లలే ఓటీపీ దగ్గర ఆగిపోతున్నారు.

న్యాయస్థానాలు తమ వంతు చెప్పాయి. హాస్టల్ విద్యార్థిని ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు 2019లోనే ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కులో భాగంగా చూసింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును 21వ అధికరణంతో ముడిపెట్టింది. కొలత లేకుండా ఈ హక్కు అమలు కాదు. రాబోయే జనగణన ఇళ్ల జాబితాలో ఇంటర్నెట్ సదుపాయం గురించిన ప్రశ్న ఉంది. అయితే ఇంట్లో ఒక్క ఫోనులో డేటా ఉన్నా జవాబు 'ఉంది' అనే వస్తుంది. ఆ జాబితాలో ఇంటి యజమాని ఎస్సీనా, ఎస్టీనా, ఇతరుడా అని మాత్రమే రాస్తారు. అన్ని కులాల లెక్క రెండో దశలో వస్తుంది. ఈ రెండు దశల సమాచారాన్ని కలిపి, గ్రామం స్థాయిలో కాక ఆవాసం స్థాయిలో ప్రచురించాలని బీసీ, దళిత, గిరిజన సంఘాలు ఇప్పటినుంచే అడగాలి. టీ-ఫైబర్ కనెక్షన్ల లెక్క కూడా అలాగే రావాలి. ఎల్లారెడ్డి మండలంలో ఇన్ని పంచాయతీలకు ఇచ్చాం అంటే సరిపోదు, ఏ వాడలో ఎన్ని ఇళ్లకు, నెలలో ఎన్ని రోజులు పనిచేసిందో చెప్పాలి.

అంతవరకు చేయగలిగినవి లేకపోలేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాల్లో వేగవంతమైన కనెక్షన్, బ్యాటరీ, నాలుగు కంప్యూటర్లు పెట్టి, కౌన్సెలింగ్ రోజుల్లో రాత్రి పది దాకా తెరిచి ఉంచవచ్చు. జిల్లాలో ఇంటర్నెట్ దెబ్బతిన్న రోజులను గడువులోంచి మినహాయించే నిబంధనను ప్రతి నోటిఫికేషన్‌లో చేర్చవచ్చు. 2020 సెప్టెంబరు 1న పాఠశాలల ఆన్‌లైన్ చదువు మొదలైనప్పుడు ప్రభుత్వం టీ-శాట్‌ను, దూరదర్శన్ యాదగిరిని ఆశ్రయించింది. ఇంటర్నెట్ అందరి ఇళ్లకూ చేరలేదని అప్పుడు తెలుసు. దరఖాస్తులు పిలిచేటప్పుడు మాత్రం ఆ సంగతి ఎందుకు గుర్తుండదో కామారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లే విద్యార్థి సంఘాలు అడగవలసి ఉంది.