గోపురం బొమ్మ వేరు, గోపురపు అల్లిక వేరు

చలికాలం రాగానే మన పిల్లల స్వెటర్లపై గోపురాలు వెలుస్తాయి. ఛాతీ నడుమ ఒక గోపురం, దాని కింద రెండు దీపాలు. ‘ఆలయ వాస్తుశిల్పం స్ఫూర్తిగా అల్లినది’ అని దానికి పేరు. ఆ పేరు దానికి చెల్లదు. అది ఊలుపై అంటించిన బొమ్మ మాత్రమే.

వాస్తుశిల్పానికీ అల్లికకూ నిజమైన చుట్టరికం ఉంది. రెండూ వరుసపై వరుసగా పైకి లేచేవే. గోపురం అంతస్తు అంతస్తుకూ సన్నబడినట్లే, కుట్లు తగ్గిస్తూ పోతే ఊలుటోపీకి శిఖరం వస్తుంది. అలంపురం నవబ్రహ్మాలయాల రాతి గవాక్షాలలో, వెలుగు కోసం విడిచిన రంధ్రాలే అలంకారం. అల్లికలోనూ సూదిపై దారం ఒకసారి చుట్టి, పక్కన రెండు కుట్లను ఒకటిగా కలిపితే, వెడల్పు మారకుండా రంధ్రం ఏర్పడుతుంది.

బొమ్మ అంటించేవారికి ఈ చుట్టరికం పట్టదు. సాదా అల్లికలో కుట్టుకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు పడే ఊలుతో, గళ్ళ కాగితంపై 30 గళ్ళ చదరంగా గీసినదాన్ని అల్లి చూడండి. వెడల్పు 13.6 సెంటీమీటర్లు, ఎత్తు 10. ఆకాశాన్ని అందుకోవలసిన గోపురం చతికిలబడుతుంది. దోషం ఊలుది కాదు. దాని స్వభావం తెలుసుకోకుండా ఆకారాన్ని రుద్దినవారిది. 1213 నాటి రామప్ప గుడి శిల్పులు అలా చేయలేదు. శిఖరానికి తేలిక ఇటుకలను, మదనికల శిల్పాలకు నునుపు తేలే నల్లరాతిని ఎంచుకున్నారు.

“బొమ్మ లేకుంటే అది మన గుడి అని పిల్లలు ఎలా గుర్తిస్తారు?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అలంపురం ఉన్న జిల్లాలోనే, గద్వాల చీరలో ఉంది. కోటకొమ్మ అంచు నేసినవారు కోట బొమ్మ వేయలేదు. బురుజు లేదు, ద్వారం లేదు. గోడపై బారులు తీరిన కొమ్మల లయను మాత్రమే గ్రహించి, పట్టు అంచు నూలు చీరతో కలిసేచోట నిలిపారు. అయినా ఆ అంచును చూసినవారికి పేరు చెప్పనక్కరలేదు.

వారసత్వం ఛాతీపై ముద్రగా మాత్రమే అందితే, స్వెటర్ పొట్టి కాగానే అదీ పెట్టెలో చేరుతుంది. పిల్లల చేతికి సూదులిచ్చి, ఒక కోటకొమ్మకు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు కావాలో లెక్క కట్టించండి. లెక్క కట్టి అల్లినది చేతికి గుర్తుంటుంది.