టోటల్ లాస్ కారులో విడిభాగాలెవరివి?
సర్వేకు ముందే తేల్చుకోకుంటే యజమానికే నష్టం

కూచిపూడి: ప్రమాదంలో నుజ్జయిన లేదా వరదలో మునిగిన కారును బీమా సంస్థ 'టోటల్ లాస్'గా తేల్చిన తరువాత, అందులోని కొత్త టైర్లు, బ్యాటరీ, మ్యూజిక్ సిస్టమ్ విప్పి దాచుకోవచ్చునా అన్న ప్రశ్న యజమానులను వేధిస్తోంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీట నానాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం దిగువకు వెళ్లింది. ఆ వరదలో వేల వాహనాలు మునిగాయి. వాహన బీమా పత్రంలోని చిన్న అక్షరాలను అనేకులు తొలిసారి చదివింది అప్పుడే.

మరమ్మతు ఖర్చు వాహనానికి ప్రకటించిన బీమా విలువలో (ఐడీవీ) 75 శాతం దాటితే దానిని టోటల్ లాస్‌గా పరిగణిస్తారు. 2002 నాటి మోటారు టారిఫ్‌లోని ఈ నిబంధన నేటికీ పాలసీల్లో కొనసాగుతోంది. ఐడీవీ ఏటా తగ్గుతుంది. మూడు నుంచి నాలుగేళ్ల కారుకు 40 శాతం, నాలుగు నుంచి అయిదేళ్ల కారుకు 50 శాతం తరుగు తీస్తారు. కనుక పాత కారు చిన్న దెబ్బకే ఈ జాబితాలో చేరిపోతుంది.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఐడీవీ రూ.4 లక్షలు, మరమ్మతు అంచనా రూ.3.20 లక్షలు అనుకుందాం. 75 శాతం అంటే రూ.3 లక్షలు గనుక ఇది టోటల్ లాసే. శిథిల వాహనానికి పాత ఇనుము, విడిభాగాల వ్యాపారులతో కోట్ చేయించగా రూ.90 వేలు పలికిందనుకుందాం. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత రూ.1000. సాధారణంగా బీమా సంస్థ ఈ రెండూ మినహాయించి రూ.3.09 లక్షలు చెల్లిస్తుంది. శిథిల వాహనం యజమాని వద్దనే ఉంటుంది. కోట్ చేసిన వ్యాపారికి అప్పగిస్తే మిగతా రూ.90 వేలు అతడు ఇస్తాడు.

చిక్కంతా ఇక్కడే. ఆ రూ.90 వేలు సర్వేయర్ చూసిన నాటి స్థితికి కట్టిన ధర. ఫొటోల్లో నాలుగు టైర్లు, బ్యాటరీ కనిపించాయి. అప్పగించే నాటికి అవి లేకపోతే వ్యాపారి ధర తగ్గిస్తాడు, లేదా వద్దని వెళ్లిపోతాడు. బీమా సంస్థ తీసిన కోత మాత్రం తగ్గదు. తన కారులోని వస్తువే కదా అనుకొని విప్పిన యజమాని ఆ వస్తువుకు తానే ధర కట్టినట్లవుతుంది. బీమా సంస్థే వాహనాన్ని స్వాధీనం చేసుకొని పూర్తి మొత్తం ఇచ్చే పక్షంలో ఒక్క మేకు తీసినా అది సంస్థ సొత్తు తీసినట్లే.

అయితే మార్గం లేకపోలేదు. యజమాని తానుగా అమర్చుకున్న స్టీరియో, సీటు కవర్ల వంటివి పాలసీలో విడిగా చూపి ప్రీమియం కట్టకపోతే వాటికి బీమా రక్షణ ఉండదు. పరిహారం రాని వస్తువును వదులుకోవాలనడం న్యాయం కాదు. వాటి జాబితాను సర్వేయర్‌కు ముందే రాతపూర్వకంగా ఇచ్చి, కోట్‌లో చేర్చవద్దని కోరవచ్చు. సంతకం అయ్యాక అడిగితే ఫలితం తక్కువ.

మొత్తం వాహనాన్నే ఉంచుకొని భాగాలుగా అమ్ముకుంటే లాభమని భావించేవారూ ఉన్నారు. ఆటోనగర్‌లో తలుపులు, అద్దాలు, అల్లాయ్ చక్రాలకు కొనుగోలుదారు దొరుకుతాడు. కానీ క్రేను ఖర్చు, గ్యారేజీ అద్దె, విప్పే కూలి తీసివేయగా మిగిలేది ఎంతో ముందే లెక్క వేసుకోవాలి. నీట మునిగిన కారులో ఈసీయూ, వైరింగ్, ఎయిర్‌బ్యాగులు పైకి బాగున్నట్లు కనిపించినా నమ్మదగినవి కావు. వాటిని మరొకరి కారులో బిగించడం ప్రాణాలతో చెలగాటమే.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఆర్‌సీని వ్యాపారి చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం. శిథిల వాహనం ఛాసిస్ నంబరు, ఆర్‌సీలతో దొంగ కార్లను రోడ్డెక్కించే ముఠాలు దేశంలో పలుమార్లు పట్టుబడ్డాయి. అమ్మినప్పటికీ రికార్డులో పేరు మారకపోతే, ప్రమాద పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వాహనం శాశ్వతంగా పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. 2021 నాటి తుక్కు నిబంధనల ప్రకారం, ప్రకృతి వైపరీత్యంలోనో ప్రమాదంలోనో దెబ్బతిన్న వాహనాన్ని యజమాని స్వయంగా తుక్కుగా ధ్రువీకరించి, నమోదైన తుక్కు కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ పొందవచ్చు. రుణం మిగిలి ఉంటే పరిహారం ముందుగా ఫైనాన్స్ సంస్థకే జమ అవుతుందన్నది మరువరాదు.

శిథిల వాహనానికి కట్టిన ధర అన్యాయమనిపిస్తే కోట్‌ల ప్రతులు అడగాలి, తనకు తెలిసిన వ్యాపారితో మరో కోట్ ఇప్పించవచ్చు. బీమా సంస్థకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సమ్మతం కాకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు.