ఉత్తరం మోసినవాళ్ళు

ఏ ఆరోగ్య సమావేశానికి వెళ్ళినా ఈమధ్య 'సన్నద్ధత' అనే మాట వినిపిస్తోంది. జీవాయుధాల దాడి అయినా, కొత్త మహమ్మారి అయినా చర్చంతా ప్రయోగశాలలు, మందుల నిల్వల గురించే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 2001 అక్టోబరు గుర్తొస్తుంది.

15వ తేదీన అమెరికాలో ఒక సెనేటర్ కార్యాలయంలో విప్పిన కవరులో ఆంత్రాక్స్ పొడి ఉంది. అక్కడి సిబ్బందికి వెంటనే మందులిచ్చారు. ఆ ఉత్తరాన్ని సార్టింగ్ చేసిన వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం మాత్రం 21 దాకా నడుస్తూనే ఉంది. అంటించిన కవరులోంచి పొడి బయటికి రాదనుకున్నారు మరి! అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది నల్లజాతివారు. ఇద్దరు చనిపోయారు. ఉత్తరం విప్పినచోట ఎవరూ చనిపోలేదు.

మన దగ్గర పొడి లేదు గాని పద్ధతి అదే. 2020లో కోవిడ్ సర్వేకి ఇల్లిల్లూ తిరిగింది ఆశా కార్యకర్తలు. చాలామందికి దొరికింది గుడ్డ మాస్కే. (నేనూ మా వీధి ఆశాను గేటు బయటే నిలబెట్టి మాట్లాడాను. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.) కోవిడ్ విధుల్లో చనిపోతే 50 లక్షల బీమా అన్నారు. బతికున్నవారికి జీతం అనలేదు. వారిది స్వచ్ఛంద సేవట, ఇచ్చేది పారితోషికమట. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించింది. ఆ సత్కారం వెంట కనీస వేతనం రాలేదు.

రక్షణ సామగ్రి, జీతంతో సెలవు, రక్షణ లేనప్పుడు పనికి వెళ్ళనని చెప్పే హక్కు కూడా సన్నద్ధతలో భాగమే. జిల్లా సమావేశాలకు వెళ్ళే మిత్రులారా, ఆ ప్రణాళికలో ఆశా పేరు పనుల జాబితాలో మాత్రమే ఉందా, నిర్ణయాలు చేసే కమిటీలో కూడా ఉందా, అడిగి రండి.