కట్టపై కాలిబాట ఉంటేనే చెరువుకు రక్ష

గౌలిపుర (హైదరాబాద్): పాతబస్తీలోని గౌలిపుర నుంచి సైకిలు మీద బయలుదేరితే గంటలోపున ఏదో ఒక చెరువు తగులుతుంది. పడమటికి పోతే మీరాలం చెరువు, తూర్పుకు పోతే సరూర్‌నగర్ చెరువు, దక్షిణానికి పోతే గుర్రం చెరువు, జల్‌పల్లి చెరువు. ఇంకొంచెం ఓపిక ఉన్నవారికి హిమాయత్‌సాగర్ జలాశయం, కృష్ణజింకలు తిరిగే మహావీర్ హరిణ వనస్థలి ఉండనే ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఒక చెరువు చుట్టూ కాలినడకన తిరిగి వచ్చినవారు ఈ బస్తీల్లో అరుదుగా కనిపిస్తారు.

పైకి ఇది షికారు వ్యవహారంగా తోచవచ్చు. కాని జనం నిత్యం నడిచే చెరువుకూ, జనం తొంగిచూడని చెరువుకూ తేడా ఏమిటో 2020 అక్టోబరులో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. కట్ట మీద కాలిబాట అన్నది పాతబస్తీకి విలాసమా, అవసరమా అని ఇప్పుడు ఆలోచించవలసి ఉన్నది.

పేరు మిగిలింది, నీరు పోయింది

పాడిపశువులను సాకే గౌలీల వల్ల గౌలిపురకు ఆ పేరు వచ్చింది. పాత నగరపు ప్రహరీకి ఉండిన దర్వాజాలలో గౌలిపుర దర్వాజా ఒకటి. పశువులు ఉన్నచోట నీరు ఉండక తప్పదు. గౌలిపురకు చేరువలోనే తలాబ్‌కట్ట అనే బస్తీ ఉన్నది. ఉర్దూ మాట, తెలుగు మాట కలిసిన ఈ పేరుకు అర్థం చెరువు కట్ట అనే. ఒకప్పుడు అక్కడ మీర్ జుమ్లా చెరువు ఉండేది. ఇప్పుడు ఆ చెరువు లేదు. శిఖం భూమి ఇళ్ల స్థలాలుగా మారి, గల్లీలు పడ్డాయి. బస్తీ పేరులో మాత్రం కట్ట నిలిచింది.

ఇది ఒక్క తలాబ్‌కట్ట కథే కాదు. మాసాబ్‌ట్యాంకులో ట్యాంకు లేదు, నల్లకుంటలో కుంట లేదు. చెరువు ఒక్కరోజులో మాయం కాదు. మొదట కాలువ పూడుతుంది, తరువాత అంచున మట్టి పోస్తారు, ఆ మట్టి మీద రేకుల షెడ్డు లేస్తుంది, షెడ్డు స్థానంలో గోడ వస్తుంది. రోజూ చూసేవాడికి మొదటి మట్టి కుప్పనాడే సంగతి తెలుస్తుంది. చూసేవాడు లేకపోతే గోడ లేచాకనే తెలుస్తుంది. అప్పటికి పరిష్కారం కోర్టుల చేతిలోకి పోతుంది.

ఇరవయ్యొక్క కమానులు

మిగిలిన చెరువుల్లో తలమానికమైనది మీరాలం. దివాన్ మీర్ ఆలం హయాంలో 1804లో పని మొదలుపెట్టి 1806లో పూర్తి చేశారు. రాతితో, సున్నంతో కట్టిన దీని ఆనకట్ట సుమారు కిలోమీటరు పొడవున వంపు తిరిగి ఉంటుంది. అందులో 21 అర్ధచంద్రాకారపు కమానులు ఒకదాని పక్కన ఒకటి గొలుసులా నిలబడి నీటి బరువును మోస్తున్నాయి. రెండు వందల ఏండ్లు దాటినా ఆ కట్టడం చెక్కుచెదరలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి ప్రధానమైన తాగునీటి వనరు ఇదే.

1963లో దీని పక్కనే జంతు ప్రదర్శనశాల తెరిచారు. అది చూడటానికి జిల్లాల నుంచి బస్సుల కొద్దీ జనం వస్తారు. పక్కనున్న ఆనకట్ట ప్రత్యేకత తెలిసి చూసేవారు తక్కువ. నీటిలోకి చేరే మురుగు వల్ల గుర్రపుడెక్క పెరగడం, దానిని యంత్రాలతో తీయించడం, అది మళ్లీ పెరగడం ఏండ్ల తరబడి సాగుతున్న తంతు. మురుగును ఆపకుండా డెక్కను తీయడం, కుళాయి కట్టకుండా నేల తుడిచినట్లే ఉన్నది.

2020 నేర్పిన పాఠం

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఇరవై నాలుగు గంటల్లో నగరంలో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. పల్లెచెరువు నీరు పొంగి అలీనగర్ ప్రాంతాన్ని ముంచెత్తి ప్రాణాలను బలిగొన్నది. ఆ దుఃఖం ఆరకముందే 17వ తేదీ రాత్రి మళ్లీ కుండపోత కురిసి గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్‌బాబానగర్ తదితర బస్తీల్లో ఇళ్లలోకి నీరు చేరింది, వాహనాలు కొట్టుకుపోయాయి, పెట్టెల్లోని కాగితాలు, బియ్యం, బట్టలు బురద పాలయ్యాయి.

ఈ చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువుకు, అక్కడి నుంచి మూసీకి చేరాలి. కాలువ ఇరుకైతే, అలుగుకు అడ్డం పడితే నీరు కట్ట మీదికి ఎగబాకుతుంది. మట్టి కట్ట మీదుగా ఒకసారి నీరు పారిందంటే కట్ట నిలవదు. ఇది పల్లెటూరి రైతుకు పుట్టుకతో తెలిసిన సంగతి. పట్టణంలో చెరువు దిగువన ఇల్లు కొనుక్కున్న కూలికి, ఆటో డ్రైవరుకు ఈ సంగతి చెప్పినవారు లేరు.

నీరటి ఏమైనాడు?

పూర్వం తెలంగాణ పల్లెల్లో ప్రతి చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, మడులకు నీరు పంచడం అతని పని. దానికి మించి, వానాకాలంలో రాత్రింబవళ్లు కట్ట మీద నడిచి ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ నీరు చెమరుస్తున్నది అని కనిపెట్టేవాడు. అతని నడకే చెరువుకు బీమా. కాలక్రమంలో నీరటులు గ్రామ సేవకుల్లో కలిసిపోయారు. 2023లో గ్రామ రెవెన్యూ సహాయకుల వ్యవస్థను రద్దు చేసి ఉద్యోగులను ఇతర శాఖల్లో సర్దారు. ఆయకట్టు ఎన్నడో పోయిన పట్నం చెరువులకు నీరటి అన్నవాడే లేకుండా పోయాడు.

ఆ లోటును ఉద్యోగులతోనే పూడ్చడం సాధ్యం కాదు. పొద్దున నడకకు వచ్చే పింఛనుదారు, సైకిలు మీద పక్షులను చూడటానికి వచ్చే విద్యార్థి, గాలం వేసే కుర్రవాడు, వీరే నేటి నీరటులు. బెంగుళూరులో ఎండిపోయిన కైకొండ్రహళ్లి చెరువు చుట్టుపక్కల నివాసుల పూనికతో మళ్లీ నిండింది. మన అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. అక్కడి పక్షులను జనం గమనించడమే దానికి దారితీసింది.

పడమటికొక తీరు, ఇటొక తీరు

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి వైపు 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. ఎండ తగలకుండా పైన సౌరఫలకాలు కప్పారు. మెచ్చదగిన పనే. కాని గౌలిపుర వాసి దానిని చేరాలంటే ముందు సైకిలును వాహనంలో వేసుకొని పోవాలి. 2025 జనవరిలో జూపార్కు, ఆరాంఘర్‌ల నడుమ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన తెరిచారు. మోటారు వాహనాలకు మేలు జరిగింది. కింద సైకిలు తొక్కేవాడికి మాత్రం లారీల పక్కన ప్రాణాలు అరచేత పెట్టుకొనే గతి తప్పలేదు.

సైకిలు పాతబస్తీకి కొత్త కాదు. గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిలు టాక్సీలు ఒకప్పుడు వీధివీధినా ఉండేవి. పడమట సైకిలు వ్యాయామం. ఇటు అది పాలవాడి బతుకు, బడిపిల్లవాడి ప్రయాణం. దారి ఎవరికి ముందు కావాలో వేరుగా చెప్పనక్కరలేదు.

సుందరీకరణతో చిక్కు

అయితే నడకదారి పేరిట మరో ప్రమాదం పొంచి ఉన్నది. నీరు పూర్తిగా నిండినప్పుడు నిలిచే హద్దు, అంటే ఎఫ్.టి.ఎల్., లోపలనే సిమెంటు దారి, గోడ కట్టితే చెరువు అంతమేర కుంచించుకుపోతుంది. దారికి అవతల మిగిలిన నేల ఎవరిదో చెప్పనక్కరలేదు. రాత్రంతా వెలిగే దీపాలు గూళ్లు కట్టే పక్షులను తరిమివేస్తాయి. కనుక దారి మట్టిదై ఉండాలి, హద్దుకు బయట ఉండాలి. ఆడవారు నిర్భయంగా నడిచేటట్లు పొద్దున, సాయంత్రం కాపలా ఉండాలి.

చెరువుల ఆక్రమణలను అరికట్టడానికి 2024 జూలైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసింది. అది పునరుద్ధరణకు తొలుత ఎంచుకున్న ఆరు చెరువుల్లో మీరాలంకు దగ్గరలోని శివరాంపల్లి బమ్-రుక్న్-ఉద్-దౌలా ఒకటి. కూల్చివేతల వల్ల పేదల గూళ్లు పోతున్నాయన్న విమర్శ కూడా అదే సమయంలో వినవచ్చింది. ఆ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. మట్టి కుప్పనాడే ఆపి ఉంటే ఏ పేదవాడూ అక్కడ ఇల్లు కొనేవాడు కాడు, పోగొట్టుకొనేవాడూ కాడు.

చేయవలసినది

ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి చెరువుకు హద్దురాళ్లు పాతి, వాటి పక్కన చెరువు పేరు, విస్తీర్ణం, సర్వే నెంబర్లు, నిండు మట్టం తెలుగు, ఉర్దూ భాషల్లో బోర్డుపై రాయించాలి. కట్ట మీది దారిని కంచెలు, తాళాలు లేకుండా ప్రజలకు విడవాలి. గౌలిపుర, లాల్‌దర్వాజా, ఛత్రినాక పాఠశాలలు ఏడాదికొకసారి పిల్లలను మీరాలం ఆనకట్టకు నడిపించుకుపోతే ఆ కమానుల లెక్క వారికి జన్మంతా గుర్తుంటుంది.

తలాబ్‌కట్టకు పట్టిన గతి మిగిలిన చెరువులకు పట్టకూడదంటే వానాకాలం రాకముందే సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు ఒకసారి వాహనాలు దిగి ఈ కట్టల మీద కాలినడకన పోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.