వాళ్లు మన తలుపు తట్టాలి

2012 ఆగస్టులో వదంతులకు భయపడి బెంగళూరులోని ఈశాన్య రాష్ట్రాల యువత వేల సంఖ్యలో గువాహటి రైళ్లెక్కారు. ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లపై కేంద్రం నిషేధం పెట్టింది. మంత్రులు స్టేషన్‌కు వెళ్లి ధైర్యం చెప్పినా చాలామంది ఆగలేదు. ఆ మాటే పక్కింటివాళ్లు ముందు రోజే చెప్పి ఉంటే కొందరైనా ఆగేవారేమో!

నాగా, మిజో, ఖాసీ, బోడో పిల్లలు చదువుకో, పనికో నేటికీ ఇక్కడికి వస్తున్నారు. వీధిలో వాళ్లందరికీ మనం పెట్టే పేరు ఒక్కటే: ‘నేపాలీ’. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చూపి మన పిల్లలకు తెలుగులో చదువు అడుగుతున్నాం. ఇంటిభాష విలువ తెలిసిన మనమే ఇతరుల భాషను, పేరును పట్టించుకోకపోతే ఎలా?

మన బడులు చేయగలిగినవి ఉన్నాయి. తరగతిలో ఈశాన్య భారత పటం పెట్టి అక్కడి భాషలు, తెగల గురించి చెబుదాం. సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గదిలో ఆ యువతకు వాడుక కన్నడం నేర్పిద్దాం. ఇళ్లు అద్దెకిచ్చే తల్లిదండ్రులు ముఖం చూసి కాదనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

మళ్లీ ఎప్పుడైనా వదంతి పుడితే, రైలెక్కే ముందు వాళ్లు మన తలుపు తట్టాలి.