బాలింతల యాయాసము

శిశువు కేక వినబడినంతనే కాన్పు సుఖముగ ముగిసినదని సంతసించి బంధువులు తమ తమ యూళ్లకు మరలుదురు. కాని తల్లికిఁ గల యపాయ మా దినముతోఁ దీరదు. పదవనాఁడో యిరువదవనాఁడో ఆమె కాయాసము వచ్చును. పండుకొన్నచో నూపిరాడదు. ఇంటివా రది బాలింత నీరసమందురు. శొంఠి మ్రింగించి తలుపులు మూయుదురు. ఈ యుపేక్షయే ప్రాణాంతకమని మేము నొక్కి చెప్పుచున్నాము.

ప్రసవకాలమున రక్తస్రావము నరికట్టుటకై గర్భిణి నెత్తురునకు గడ్డకట్టు గుణము హెచ్చును. ప్రసవానంతరము ఆరు వారములు ఆ గుణమే యపాయకరము. కాలిసిరలో గడ్డ యేర్పడి, యూడి, ఊపిరితిత్తుల నాళమున కడ్డుపడినచో గడియలలోఁ బ్రాణము పోవచ్చును. రెండవది గుండెకండర దౌర్బల్యము. ఇది కాన్పునకు ముందు నెల మొదలు తర్వాత ఐదు నెలలవరకు రావచ్చును. మూఁడవది రక్తపుపోటు, ఇది కాన్పు పిమ్మట సైతము హెచ్చి ఊపిరితిత్తులలో నీరు చేర్పఁగలదు. తీవ్రమైన రక్తహీనత గల గుండె యీ భారమును మోయఁజాలదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15–49 యేండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 59 మంది, తెలంగాణమున 58 మంది రక్తహీనులని తేలినది.

అదే సర్వే ప్రకారము ఉభయ రాష్ట్రములందును నూటికి 96కుఁ బైగా కాన్పు లాసుపత్రులలోనే జరిగినవి. కాని బాలింతకాలము గడచునది మన యింటనే. కావున బాధ్యత మనది. పుట్టినింటి యాదరణమును, పథ్యమును మేము గర్హింపము. దాహమునకు నీ రీయకుండుట, దినములతరబడి మంచము దిగనీయకుండుట మాత్రము గడ్డలకు దోహదములు.

ఆయాసముతోఁగూడ ఱొమ్మునొప్పి, ఒకే కాలి వాపు, నెత్తుటి కఫము, తీవ్రమైన తలనొప్పి, వీనిలో నేది కనఁబడినను క్షణము జాగు సేయరాదు. 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 వాహనసేవ నేఁడు పల్లెలకును గలదు. గడ్డను పెరుగనీయని హెపారిన్ వాడుచున్నను తల్లి చంటిబిడ్డకుఁ బాలీయవచ్చును.

ఎద్దు రొప్పినచో అర్ధరాత్రమైనను పశువైద్యునికిఁ గబురంపు గృహస్థుఁడు, కోడలి యాయాసమునకు మాత్రము పురుడు తీరలేదనియు, తెల్లవారనిమ్మనియు తాత్సారము చేయవచ్చునా? ఆసుపత్రికిఁ గొంపోవుటకు మగవారి యనుమతికై యాఁడువా రెదురుచూడవలసిన యిల్లు మన యూళ్లలో నొక్కటియు నుండరాదు. ఆ యనుమతిని నేఁడే, కాన్పునకు ముందే యొసఁగుఁడు.