మంచం మా కాక చేస్తే బిల్లు ఎవరి పేరు మీద?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

నేను లాల్‌గడి మలక్‌పేట్‌లో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా కాక శామీర్‌పేట దగ్గర చిన్న షెడ్డుల వెల్డింగ్ చేస్తడు. సర్కారు హాస్టళ్లకు పోయే ఇనుప మంచాలు కొన్ని ఆయన చేతివే. కానీ టెండర్ ఒక డీలర్‌ది, కాకకు మంచానికి ఇంత అని కూలి మాత్రమే.

పోయిన నెల ఆ డీలర్ అడిగిండంట: "నీ ఆధార్, కులం సర్టిఫికెట్ ఇయ్యి. నీ పేరు మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేపిస్త, ఊకె కూసున్నా కమీషన్ వస్తది." కాక నన్ను అడిగిండు. ఇంట్ల ఇంగ్లీషు కాయితాలు చదివేది నేనొక్కడినే.

ఆ సర్టిఫికెట్‌కు అంత విలువెందుకో చూసిన. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలె. ధరావతు కట్టక్కర్లేదు. ధరావతు అంటే మనోళ్ల ఇంటిపేరు కాదు, టెండర్‌కు ముందు కట్టే డిపాజిట్! అయితే ఈ లాభం సొంతంగా తయారుచేసేటోళ్లకే, కొని అమ్మేటోళ్లకు లేదు. షెడ్డూ కాకదే, కులమూ కాకదే. డీలర్‌కు కావల్సినవి ఆ రెండే.

నేను వద్దన్న. మంచం విరిగినా, జీఎస్టీ ఎగ్గొట్టినా నోటీసు కాక పేరు మీదనే వస్తది. జెమ్ పోర్టల్‌ల ఆ పేరు బ్లాక్ అయితే రేపు సొంతంగ అమ్మే దారి కూడా పోతది.

మరి సొంతంగనే టెండర్ వేయొచ్చు కదా అంటరా? ఉద్యమ్ ఉచితమే. కానీ ఇంత టర్నోవర్ ఉండాలె, ఇంతకుముందు సప్లయ్ చేసి ఉండాలె అంటరు. చిన్నోళ్లకు సడలించొచ్చని రూల్స్‌ల ఉన్నా, అది ఆఫీసర్ ఇష్టం. బిల్లు 45 రోజుల్లోపు ఇయ్యాలని 2006 చట్టం చెప్తది. పైపుల దుకాణపాయన అన్ని రోజులు ఆగడు కదా.

అన్నిటికన్నా నాకు మండేది ఇంకోటి. ఆ 4 శాతం కేంద్రానికే. మనం పండుకునే ఎస్టీ హాస్టల్ మంచాలు రాష్ట్రం కొంటది, వాటికి ఆ ఉత్తర్వు వర్తించదు. మనం వినతిపత్రాలల్ల మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పులు రాస్తం, రాయాల్సిందే. దాని కింద ఇంకో లైను రాద్దాం: గిరిజన హాస్టళ్ల ఫర్నిచర్‌కు ఒకే పెద్ద టెండర్ వద్దు, జిల్లాల వారీగా చిన్న చిన్నగా విడగొట్టి, అందుల ఎస్టీ తయారీదారులకు వాటా పెట్టాలె. అయిదు వందల మంచాల ఆర్డర్ కాకతోని కాదు. యాభై అయితే చేస్తడు.

ఉద్యమ్ మాత్రం కాక సొంత ఫోన్ నంబర్‌తోనే చేసిన. అప్పటి నుంచి డీలర్ ఫోన్ లేదు. ఈ వారం షెడ్డుల ఎవరిదో ఇంటి గేటు పని నడుస్తున్నది.